అన్నింటికీ ఐదే

మెవ్లిదా ఆ పొద్దున కుర్చీలు మూడోసారి సర్దింది. ముందు గుండ్రంగా వేసింది. అలా వేస్తే తలుపు వైపు కూర్చున్నవాళ్ళ మెడకి చలిగాలి తగులుతుందని విడదీసి రెండు వరసలు చేసింది. రెండు వరసలైతే ఎదురెదురుగా కూర్చున్నట్టుంటుంది, బోస్నియాలోని మా ద్రెనోవిక్ ఊరి జనం ముప్పై ఏళ్ళుగా అలాగే కూర్చుంటున్నారు, మళ్ళీ ఇక్కడ కూడా ఎందుకని తిరిగి గుండ్రంగానే లాగింది. హోటల్లో పనిచేసే మనిషి కాఫీ కప్పులు తెచ్చిపెట్టి, ఈవిడ వాటిని కూడా కదుపుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు. కదిపింది.

కాలు కాలిన పిల్లి అనగానే మా ఊళ్ళో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మెవ్లిదాయే. మామూలు రోజుల్లోనే ఒక చోట కుదురుగా కూర్చునే రకం కాదు. ఆ రోజు మామూలు రోజూ కాదు. ప్రియెదోర్ నుంచి, వుకొవార్ నుంచి, మిత్రొవిత్సా నుంచి, మాలాగే యుద్ధం చూసిన ఊళ్ళ నుంచి, ఇరవై ఎనిమిది మంది వస్తున్నారు. అందరూ చేసేది ఒకటే రకం పని, ఒకప్పుడు ఒకరినొకరు చంపుకున్న మనుషుల్ని మళ్ళీ ఒక చోట కూర్చోబెట్టడం. రెండు రోజులు కలిసి కూర్చుని వాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి కూడా ఒకటే. మనం చేసే పని వల్ల నిజంగా ఏమైనా జరుగుతోందా? జరుగుతుంటే అది మనకెలా తెలుస్తోంది? గదులు, భోజనాలు, బస్సులు, మెడలో వేసుకునే పేరు చీటీలు, అన్నీ మెవ్లిదా నెత్తినే ఉన్నాయి. వాటికి ఆవిడ జంకదు. జంకు ఎందుకంటే, మొదటి రోజు పొద్దున్నే అందరి ముందూ పరీక్షకి నిలబడేది ఆవిడ సొంత పని. ఆ పని మంచిదో కాదో చెప్పబోయేవాళ్ళలో యాన్యా ఉంది. మిగతావాళ్ళు ఏమన్నా సర్దుకోగలదు. యాన్యా ఏమంటుందో అన్నదే పది రోజులుగా ఆవిడకి అన్నం సహించకుండా చేస్తోంది.

మెవ్లిదాకి యాభై నాలుగేళ్ళు. పంతొమ్మిదో ఏట ఊళ్ళోని చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. కుట్టడానికి కాదు, కుట్టు చూడడానికి. చొక్కా బల్ల మీద పడగానే బొటనవేలితో అంచు వెంట ఒక్కసారి తడిమేది, ఎక్కడ కుట్టు తప్పినా వేలు అక్కడ ఆగిపోయేది. తప్పున్న చొక్కాని మారుమాట లేకుండా కుట్టినావిడకే తిప్పి పంపేది. అందుకని ఆడవాళ్ళు ఆవిడకి తిరుగుటపా మెవ్లిదా అని పేరు పెట్టారు. అందరికంటే ఎక్కువ తిరుగుటపాలు అందుకున్నది పై ఊరి యాన్యా. కాలర్లు కుట్టేది, చెయ్యి చురుకు, మనిషి దురుసు. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారు, మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తినేవారు.

తొంభై మూడులో ద్రెనోవిక్‌లోని రెండు సగాలు, కింద ఊరూ పై ఊరూ, కొట్టుకున్నాయి. ఫ్యాక్టరీ తగలబడింది. యుద్ధం అయ్యాక మసీదున్న కింద ఊరికో అగ్నిమాపక బండి, చర్చి ఉన్న పై ఊరికో బండి. తపాలా ఆఫీసులు రెండు. బడి ఒకటే, తలుపులు రెండు. ఇల్లు తగలబడితే ఏ బండిని పిలవాలో ముందు ఇంటాయన పేరు చూసి తేల్చుకోవాలని మా ఊళ్ళో హాస్యం. నవ్వుతాం గానీ అది హాస్యం కాదు.

రెండు ఊళ్ళనీ మళ్ళీ కలపాలని కింద ఊళ్ళో పెట్టిన చిన్న సంఘం ఒకటి మెవ్లిదాని పనిలోకి తీసుకుంది. పదకొండేళ్ళ కింద ఆవిడ బుర్రలోనే పెక్మెజ్ ఆలోచన పుట్టింది. పెక్మెజ్ అంటే ప్లమ్ పళ్ళని చక్కెర లేకుండా పెద్ద రాగి గుండిగలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచి తీసే నల్లటి పాకం. కలపడం ఆపితే అడుగంటుతుంది. ఫ్యాక్టరీలో కాలకుండా మిగిలింది క్యాంటీన్ ఒక్కటే, అది రెండు ఊళ్ళకీ మధ్యలో ఉంది. ప్రతి సెప్టెంబరులో కింద నుంచి పన్నెండు మంది, పై నుంచి పన్నెండు మంది ఆడవాళ్ళు అక్కడ చేరి వంతులవారీగా గుండిగ కలపాలి. మొదటి ఏడు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ చెయ్యి నొప్పెట్టినప్పుడు పక్కనున్నది ఏ ఊరిదని చూసుకోరు, తెడ్డు అందించేస్తారు. మూడో ఏటికి నవ్వులు మొదలయ్యాయి. ఐదో ఏట మెవ్లిదా, యాన్యా ఒకే తెడ్డు పట్టుకున్న ఫోటో ఒకటి తీశారు. ఆ ఫోటో ఎన్ని నివేదికల అట్టల మీదికి ఎక్కిందో లెక్కలేదు.

ప్రతిసారీ చివర్లో ఒక ఫారం ఉంటుంది. ఐదు ప్రశ్నలు, బడిలో వేసినట్టు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. అవతలి ఊరివాళ్ళ మీద మీకు నమ్మకం పెరిగిందా? మళ్ళీ వస్తారా? ఇలాంటివి. పదకొండేళ్ళ ఫారాలు మెవ్లిదా అట్టపెట్టెల్లో పదిలంగా దాచింది.

సమావేశానికి మూడు వారాల ముందు సరాయెవో నుంచి వెదాద్ వచ్చాడు. ఈ రెండు రోజులూ నడిపించేది అతనే. ముప్పై ఐదేళ్ళుంటాయి, మెత్తగా మాట్లాడతాడు, మెత్తగానే పీక నొక్కుతాడు. ప్రతి సంఘమూ తను గొప్పగా చేశాననుకుంటున్న పనిని కాకుండా, ఎలా చేశానో తనకే సరిగ్గా తెలియని పనిని తేవాలన్నాడు. మెవ్లిదా అట్టపెట్టెలు ముందుకు తోసింది. గంటసేపు తిరగేశాడు. నాలుగు కంటే తక్కువ మార్కు ఒక్క చోటా లేదు. నాలుగులు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"మెవ్లిదా గారూ, ఇవి ఎక్కడ నింపుతారు?" అన్నాడు.

"అక్కడే, బల్ల దగ్గరే. పనయ్యాక కాఫీ తాగుతూ. నేను ఇంట్లో హుర్మషిత్సాలు చేసుకొస్తాను, పాకం కేకులు, అవి తింటూ."

"మరి తీసుకునేది?"

"నేనే. చేతికే ఇస్తారు."

వెదాద్ నవ్వు ఆపుకోవడానికి ముక్కు రుద్దుకున్నాడు. "మీరు చేసిన కేకు నోట్లో పెట్టుకుని, మీ కళ్ళల్లోకి చూస్తూ, మీకు మూడు వేసే ఆడమనిషి ఈ బోస్నియాలో పుట్టిందంటారా?"

మెవ్లిదాకి ఒళ్ళు మండింది. మా ఆడవాళ్ళు అబద్ధాలకోరులా అని అడిగింది. కాదు, మర్యాదస్తులు అన్నాడతను. అది మాత్రం నిజం. మా దగ్గర పెట్టిన చెయ్యి ముందు వంక పెట్టరు. ఉప్పు ఎక్కువైనా, కాఫీ చల్లారినా బ్రహ్మాండం అనే అంటారు, వంకలన్నీ మూటగట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి అక్కడ విప్పుతారు. పదకొండేళ్ళుగా మెవ్లిదా అడుగుతున్నది రెండు ఊళ్ళ మధ్య శాంతి గురించి. వాళ్ళు జవాబు చెబుతున్నది ఆవిడ కేకుల గురించి.

అతను వెళ్ళిపోయాక ఆవిడ ఆ కాగితాల కట్టని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో అంచు వెంట తడిమింది. ఫ్యాక్టరీలో రోజంతా ఒక్క చొక్కా కూడా తిప్పి పంపకపోతే అందరూ బాగా కుట్టారని ఎవరూ అనుకునేవారు కాదు. చూసే మనిషి నిద్రపోయిందనేవారు.

వెదాద్ చెప్పిన పద్ధతి తేలికైనది, అందుకే భయంకరమైనది. మొదటి రోజు పొద్దున పాకం ఆడవాళ్ళు, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన అతిథులు మాత్రం గదిలో ఉంటారు. పని ఎవరి కోసం చేశారో వాళ్ళు లోపల, చేసినవాళ్ళు బయట. మెవ్లిదా మొహం మీద చెప్పలేనిదాన్ని ఒక్కొక్కరూ ఒక్కో కాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. తర్వాత ఆవిడ లోపలికి వచ్చి చదువుకుంటుంది, చదివేదాకా నోరెత్తకూడదు. మెవ్లిదా ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నట్టవుతుంది.

ఇక ఆవిడకి నిలకడ లేదు. గురువారం సంతలో యాన్యా క్యాబేజీలు ఏరుతుంటే పనిగట్టుకుని ఎదురెళ్ళింది. వస్తున్నావా అంటే వస్తున్నానంది. చలి గురించి, క్యాబేజీల గురించి, యాన్యా మోకాలి గురించి అడిగి, చివరికి ఆగలేక, "ఏం మాట్లాడతావే అక్కడ?" అంది.

"అడిగినదానికి."

"మనసులో ఏమన్నా ఉంటే ముందు నాకు చెప్పొచ్చుగా."

యాన్యా మూడు క్యాబేజీలు సంచిలో వేసి, నాలుగోది చేతిలో పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "చెప్పడానికేగా పిలిచారు," అని నాలుగోదాన్ని తిరిగి కుప్పలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మాట పట్టుకుని మెవ్లిదా పది రోజులు నలిగింది. కోపంగా అందా, మామూలుగా అందా? యాన్యా ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది కదా? బస్సు నడిపి ఇంటికొచ్చే మొగుడు ఇస్మెత్‌ని తిండి తిననివ్వకుండా అడిగింది. అంత అనుమానముంటే ఆవిడింటికే వెళ్ళి అడిగి రావచ్చు కదా అన్నాడాయన. మెవ్లిదా లేచి, తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది.

అలా ఆ పొద్దు రానే వచ్చింది. పాకం ఆడవాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. యాన్యా అందరికంటే చివర వచ్చింది, కోటు విప్పకుండానే కూర్చుంది. మెవ్లిదాకి తల ఊపింది, అంతే. వెదాద్ తలుపు మూశాడు.

ఒక గంట అన్నారు. మెవ్లిదా హాల్లో పేరు చీటీలు వరసగా పేర్చింది. కిటికీ తీసింది, మూసింది. వంటింట్లోకి వెళ్ళి సూప్ రుచి చూస్తే వంటాయన రెండోసారి రావద్దన్నాడు. తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడితే లోపల ఒకసారి పెద్దగా నవ్వులు, తర్వాత ఎవరిదో ఒక్క గొంతు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చాలాసేపు ఉంది. నవ్వులైతే ఓర్చుకుంది గానీ దానికి మాత్రం ఆవిడ కాళ్ళు ఆగలేదు, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగింది.

గంట దాటాక తలుపు తెరుచుకుని హస్నియా బయటికొచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ కింద ఊరి ముసలావిడ, నోట్లో నువ్వుగింజ నానదు. మెవ్లిదా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఏమంటున్నారు అత్తా?"

"నన్నడక్కు పిల్లా. లోపలి మాట బయట చెప్పనని ఒట్టేయించారు. బాత్రూమ్ ఎటు?"

"యాన్యా మాట్లాడిందా?"

హస్నియా ఆవిడ వంక చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి హస్నియా ఒక మాట మింగడం మెవ్లిదా కళ్ళారా చూసింది. "బాత్రూమ్ ఎటో చెప్పవే, ఈ వయసులో ఆగదు," అంది ముసలావిడ. హస్నియాయే నోరు మూసుకుందంటే లోపల ఏదో పెద్దదే జరిగింది.

గంటన్నరకి పిలిచారు. ఆవిడ లోపలికి వెళ్ళేసరికి తొమ్మిది కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది. యాన్యా పక్క తలుపు నుంచి వెళ్ళిపోయిందట, తీగ మీద బట్టలున్నాయి, వానొచ్చేలా ఉందని చెప్పిందట. గోడ మీద కాగితాలున్నాయి. ఇరవై ఎనిమిది మంది కొత్తవాళ్ళు, ఎనిమిది మంది ఊరివాళ్ళు చూస్తుండగా మెవ్లిదా చదవడం మొదలుపెట్టింది.

పాకం రోజే నాకు ఏడాదికో పండగ, అని ఉంది ఒకదాని మీద. పాకం కావాలి, ఫోటోలు వద్దు, అని ఇంకోటి. ఐదు వెయ్యకపోతే మరుసటేడు పిలవరనుకున్నాను. కొట్టుకున్నది మగాళ్ళైతే మమ్మల్ని కూర్చోబెట్టి గుండిగ కలిపించడమెందుకు? హుర్మషిత్సాల్లో నిమ్మకాయ ఎక్కువ, పదకొండేళ్ళుగా ఎక్కువే. అది హస్నియాదని చూడగానే తెలిసింది, గదిలో కొందరు నవ్వారు, మెవ్లిదా కూడా నవ్వబోయింది. చివరి కాగితం మీది అక్షరాలు ఆవిడకి బాగా తెలుసు. ఫ్యాక్టరీలో కాలర్ల కట్టల మీద చీటీలు రాసిన చెయ్యే అది.

"నా కాలర్లు తిప్పి పంపేదానివి. తప్పుండేది కాబట్టి పంపేదానివి. పదకొండేళ్ళుగా నువ్వు ఏదీ తిప్పి పంపట్లేదు. పోయినేడు ఆగస్టులో మా అమ్మ పోయింది. సంఘం పేరుతో పూలచక్రం వచ్చింది. నువ్వు రాలేదు. నువ్వు ఎప్పుడూ పైకి రాలేదు. ప్రతిసారీ నేనే దిగి వస్తున్నాను."

మా దగ్గర పెళ్ళికి పిలిస్తే వెళ్తారు, చావుకి పిలవకపోయినా వెళ్తారు. కాఫీ పొడి, చక్కెర బిళ్ళలు పట్టుకుని వెళ్ళి, రెండు మాటలు చెప్పి, కాసేపు కూర్చుని వస్తారు. అంత యుద్ధం జరిగాక కూడా వెళ్ళినవాళ్ళున్నారు. నల్ల అంచుతో, యాన్యా అమ్మ లూత్సా పేరున్న చావు కాగితాన్ని ఆ ఆగస్టులో మెవ్లిదా సంత దగ్గరి స్తంభం మీద చదివింది. పూలచక్రం తనే చెప్పి చేయించింది, రిబ్బను మీద అక్షరం తప్పు పోకుండా రెండుసార్లు చూసుకుంది. నేనొక్కదాన్ని వెళ్ళేకంటే సంఘం పేరుతో వెళ్తే గౌరవం కదా అని తనకి తనే చెప్పుకుంది. నెల తర్వాత క్యాంటీన్లో యాన్యా భుజం మీద చెయ్యి వేసి, చాలా బాధపడ్డానంది. యాన్యా థాంక్స్ అంది. ఆ సెప్టెంబరు ఫారంలో కూడా యాన్యా అన్నింటికీ ఐదే వేసింది.

వెళ్ళకపోవడానికి కారణం ఉంది. పై ఊరికి వెళ్ళే దారిలో, మలుపు దాటాక, పాత హైస్కూలు జిమ్ ఉంది. తొంభై మూడులో కింద ఊరి మగవాళ్ళని అందులో బంధించారు. మెవ్లిదా నాన్న అవ్దో పదకొండు రోజులు అక్కడున్నాడు. బతికే వచ్చాడు గానీ ఆ పదకొండు రోజుల గురించి ఒక్క మాట చెప్పకుండానే ఆరేళ్ళ తర్వాత పోయాడు. తొంభై మూడు నుంచి మెవ్లిదా ఆ మలుపు దాటలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు. అవతలి వైపు నడవండి, ఒక్క అడుగు వెయ్యండి, ఏమీ కాదు అని పదకొండేళ్ళుగా ఇరవై నాలుగు మందికి చెబుతున్న మనిషి, తను మాత్రం దాటలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే. ఫారంలో ఐదు ప్రశ్నలూ వచ్చినవాళ్ళకే. పిలిచినావిడని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు.

ఇప్పుడు మాట్లాడొచ్చన్నాడు వెదాద్. గది మొత్తం ఆవిడ వైపు తిరిగింది. మెవ్లిదాకి చెప్పాల్సినవి నాలుక చివరే ఉన్నాయి, జిమ్ గురించి చెబితే అందరూ జాలిపడతారని కూడా తెలుసు. సిగ్గేసింది. సిగ్గు వెనకే యాన్యా మీద కోపమూ వచ్చింది, ఇంత మంది కొత్తవాళ్ళ ముందా చెప్పేది? ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఇంకెక్కడ చెబుతుంది? చెప్పడానికి చోటు ఎప్పుడిచ్చాను?

"దీనికి జవాబు ఇక్కడ చెప్పేది కాదు," అంది. కోటు తీసుకుంది. భోజనాలు పన్నెండున్నరకని, ఉల్లిపాయ పడనివాళ్ళు ముగ్గురున్నారని వెదాద్‌కి చెప్పబోయి, మానేసి, బయటికి నడిచింది. తను పెట్టిన సమావేశాన్ని మధ్యలో వదిలి వెళ్ళడం ఆవిడ జీవితంలో అదే మొదలు.

కొట్లో కాఫీ పొడి పొట్లం, చక్కెర బిళ్ళల పెట్టె కొంది. కొట్టావిడ ఎవరింట్లో చావని అడిగింది. యాన్యా వాళ్ళ అమ్మ అంటే, ఆవిడ పోయి చాన్నాళ్ళయింది కదా అంది. అవునంది మెవ్లిదా.

మలుపు దాకా బాగానే నడిచింది. మలుపు దగ్గర ఆగింది. రేపు వెళ్దాం, అందరూ వెళ్ళిపోయాక నింపాదిగా వెళ్దాం అనిపించి నాలుగడుగులు వెనక్కి కూడా వేసింది. మళ్ళీ తిరిగింది. జిమ్ గోడలకి కొత్తగా పసుప్పచ్చ రంగు వేశారు. లోపల పిల్లలు బంతాట ఆడుతున్నారు, బంతి నేలకి తగిలే చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. నాన్న ఏ కిటికీ కింద కూర్చున్నాడో ఎవరూ చెప్పలేదు, అయినా ఆవిడ కళ్ళు కిటికీలన్నీ వెతికాయి. చక్కెర పెట్టె నలిగేలా పట్టుకుని, పరిగెత్తకుండా, పరిగెత్తినంత వేగంగా నడిచింది.

యాన్యా ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. చర్చి దగ్గర ఒకాయన్ని అడిగితే, తీగ మీద నీలం దుప్పటి ఉన్న ఇల్లు అని చూపించాడు. యాన్యా దుప్పటి తీస్తూ గేటు వైపు చూసింది. దుప్పటి సగం మడిచి ఆగింది.

"ఫోటోలవాడు వెనక వస్తున్నాడా?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

యాన్యా ఆవిడ చేతిలోని పొట్లాన్ని, పెట్టెని చూసింది. "అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది."

"తెలుసే. ఆవిడ ఆత్మకి శాంతి కలగాలి." అనాల్సిన మాట అదే, పద్నాలుగు నెలల కింద అనాల్సింది. యాన్యా రెండు చేతులతో పొట్లం అందుకుంది, అందుకోక తప్పదు కాబట్టి అందుకుందో, మనసొప్పి అందుకుందో తెలియలేదు. లోపలికి రా అంది.

వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పెట్టింది. మొదటి కప్పు అయ్యేదాకా ఇద్దరూ లూత్సా గురించే మాట్లాడారు. చివరి రోజుల్లో ఏం తిన్నది, ఏం అడిగింది. రెండో కప్పు దగ్గర మెవ్లిదా జిమ్ గురించి చెప్పింది. వంకలా వినిపించకుండా చెప్పాలని చూసింది, మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. యాన్యా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"మీ నాన్న అందులో ఉన్నాడా?"

"పదకొండు రోజులు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదుగా."

"నువ్వు అడిగావా?" యాన్యా గొంతు పెరిగింది. ఫ్యాక్టరీ నాటి గొంతే అది. "దిగి రావడానికి నాకు మాత్రం దారి నున్నగా ఉందనుకున్నావా? మా తమ్ముడు నికోలా పోయింది మీ వంతెన పక్క పిండిమిల్లు దగ్గర. దాని ముందు నుంచే వస్తాను, ప్రతిసారీ. నమ్మకం పెరిగిందా, ఒకటి నుంచి ఐదు దాకా వెయ్యి అంటావు. ఏ దారిన వచ్చావే అని ఒక్క ఏడన్నా అడిగావా?"

యాన్యా తమ్ముడు యుద్ధంలో పోయాడని మెవ్లిదాకి తెలుసు. ఎక్కడో తెలియదు. మెవ్లిదా రోజూ బస్సు కోసం చూసేది ఆ పిండిమిల్లు అరుగు మీద కూర్చునే. ఆ మాట కాసేపాగి చెప్పింది. వాన మొదలై, ఆగిపోయింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే," అంది యాన్యా చివరికి, "అమ్మ పోయిన రోజే అయినా సరే, మలుపు దాకా దిగొచ్చి నీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. నువ్వు రావాలని చూశానే. నిన్నే చూశాను."

మెవ్లిదా ఏడ్చింది. యాన్యా ఏడవలేదు, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తర్వాత లేచి బూట్లు తొడుక్కుంది. ఒంటరిగా ఆ జిమ్ ముందు నుంచి రెండోసారి పంపించను అంది. నడుస్తూ దారంతా తిట్టింది, హుర్మషిత్సాల్లో నిమ్మకాయ నిజంగానే ఎక్కువని కూడా అంది. జిమ్ దగ్గర మెల్లగా నడిచారు. బంతాట అయిపోయినట్టుంది, చప్పుడు లేదు.

కిందికి దిగి వంతెన దగ్గరికి వచ్చాక, హోటల్ వైపు తిరగాల్సిన చోట మెవ్లిదా ఆగింది. ఎదురుగా పిండిమిల్లు, దాని అరుగు, బస్సుల వేళల బోర్డు.

"ఎక్కడే?" అని అడిగింది.

యాన్యా ఆవిడ వంక చూసి, నిజంగానే అడుగుతోందని నమ్మకం కుదిరాక, చెయ్యెత్తి చూపించింది. అరుగు కాదు, దాని పక్కన, నీళ్ళ కాలువ మీది రాయి. ఇద్దరూ దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కింద ఊరికి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. నడుపుతున్నది ఇస్మెత్. ఎక్కుతారేమోనని కాసేపు చూసి, ఎక్కేలా లేరని వెళ్ళిపోయాడు.